భుజాన్ని మరవని బండి

హౌరాలో బయల్దేరిన ఆగ్నేయ రైల్వే లోకల్ మొదట ఆగేది టికియాపారాలో. కలకత్తాకు హుగ్లీ నది అవతలి గట్టు అది. పట్టాల వెంబడి లోకల్ రైళ్ల కార్‌షెడ్డు, కాస్త లోపలికి బెలిలియస్ రోడ్డు, దాన్నుంచి చీలే ఇరుకు సందులు, సందుల్లో లేత్ మిషన్లు, వాటి పైనా పక్కనా కాపురాలు. ఇలాంటిచోట ఒక మనిషి చనిపోతే శరీరాన్ని శివపూర్ ఘాట్‌కో బాంస్‌తలా ఘాట్‌కో చేర్చడం, లెక్క ప్రకారం చూస్తే, చాలా చిన్న రవాణా సమస్య. అరవై కిలోల బరువు, కొద్ది కిలోమీటర్ల దూరం. ఇనుప చువ్వలు మోసే ట్రాలీ రిక్షా సరిపోతుంది. కానీ జరిగేది వేరు. సందులోంచి రోడ్డు దాకా మంచం మీద, నలుగురి భుజాల మీద. రోడ్డెక్కాక అద్దాల బండి, లేదంటే మెటడోర్. ఘాట్ దగ్గర మళ్లీ భుజాలు. ముస్లింల జనాజా అయితే వీలైనంత దూరం భుజాల మీదే వెళుతుంది, దారిన పోయేవాళ్లు కూడా నాలుగడుగులు భుజం కలుపుతారు. అంటే మోటారుకు దక్కింది నడిమి దూరం ఒక్కటే, మొదలూ చివరా మనిషివే. సందు ఇరుకు కాబట్టి ఇలా జరుగుతోందని అనుకోవచ్చు. అది సగం నిజం. ఊరు విశాలమైనా, దేశం మారినా, మూడువేల ఏళ్లు వెనక్కి వెళ్లినా కనిపించేది ఇదే. అంతిమయాత్రకు వాడే బండి తన ముందు తరం సాధనాన్ని ఎక్కడో ఒకచోట ఒంటి మీద ఉంచుకుంటుంది, ఎవరో మోస్తున్నారని కనపడేలా తయారవుతుంది. దీన్ని ఆచారపు మొండితనంగా కొట్టిపారేయడం తేలిక. నా దృష్టిలో ఇది ఇంజినీరు గుర్తించాల్సిన రూపకల్పన నియమం. పట్టించుకోకుండా తయారుచేసిన బండ్లు పని చేసినట్టే చేసి విఫలమవుతాయి.

పాత సాక్ష్యంతో మొదలుపెడదాం. క్రీస్తుపూర్వం 1323 ప్రాంతంలో చనిపోయిన ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధి గోడ మీద ఒక చిత్రం ఉంది. మమ్మీ ఉన్న మందిరాన్ని స్లెడ్జి మీద పెట్టి పన్నెండు మంది పెద్దమనుషులు తాళ్లతో లాగుతుంటారు. చక్రం లేదు. అప్పటికి ఈజిప్టుకు చక్రం తెలియదా అంటే, అదే సమాధిలో ఆరు రథాలు దొరికాయి. తేలికైనవి, ఆ కాలానికి అత్యాధునికమైనవి. వేటకూ ఊరేగింపుకూ పనికొచ్చిన చక్రాన్ని రాజు ఆఖరి ప్రయాణానికి పక్కనపెట్టి, ఇసుకలో ఒరుసుకుంటూ పోయే చెక్కబల్లను ఎంచుకున్నారంటే అది తెలియక చేసిన పని కాదు. స్లెడ్జికి లాగే మనుషులు కావాలి, వాళ్లు కనపడతారు. గుర్రం కట్టిన రథానికి సారథి ఒక్కడు చాలు.

అలెగ్జాండరు విషయంలో మరో చిత్రం. బాబిలోనులో చనిపోయిన ఆయన కోసం కట్టిన శవరథానికి దాదాపు రెండేళ్లు పట్టిందని గ్రీకు చరిత్రకారుడు డయడోరస్ రాశాడు. చక్రాల మీద బంగారు గుడి లాంటి కట్టడం, లాగడానికి అరవైనాలుగు కంచరగాడిదలు. ఆ వర్ణనలో బంగారం కన్నా ఆసక్తికరమైన వాక్యం ఒకటుంది. గతుకుల మీద చక్రాలు ఎగిరినా పైన గది కదలకుండా ఇరుసు మధ్యలో ఒక ఏర్పాటు చేశారట. శవవాహనానికి సస్పెన్షన్! బతికున్న ప్రయాణికుడి నడుము కోసం కాదు కదా అది. కుదుపు తెలియని శరీరాన్ని కుదుపకూడదన్న పట్టింపు ఒక యంత్రభాగంగా మారింది. అలాంటి యాత్రనే 1852 నవంబరు 18న లండన్‌లో డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ కోసం చేసినప్పుడు బండి తయారుచేసినవాళ్లు పరువు పోగొట్టుకున్నారు. కంచుతో పోతపోసిన ఆ బండి బరువు పది టన్నులకు పైమాటే. పన్నెండు గుర్రాలు కట్టినా దారిలో రోడ్డులోకి కుంగిపోయింది. చివరికి దాన్ని కదిలించింది మనుషులే. బండి తనను తాను చూపించుకోవడంలో మునిగిపోయి మోయడం మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి ఇంతకన్నా పెద్ద ఉదాహరణ వెతకనక్కర్లేదు.

మన పాడెను ఈ వరసలో పెట్టి చూస్తే దాని తెలివి అర్థమవుతుంది. పచ్చి వెదురు బొంగులు రెండు, అడ్డ బద్దలు, కట్టుతాళ్లు. ఏడుకట్ల సవారీ అని ఎగతాళిగానో వైరాగ్యంగానో అనే వస్తువు, నిజానికి అప్పటికప్పుడు ఉన్నచోటే తయారై, ఎంత ఇరుకులోనైనా తిరిగి, పని అయ్యాక చితిలో కలిసిపోయే వాహనం. శరీరమూ వెదురూ కలిపి ఎనభై కిలోలనుకుంటే నలుగురికీ తలా ఇరవై. అయితే ఎత్తు తేడా ఉంటే లెక్క మారిపోతుంది. పొడుగువాడి భుజం మీద భారం పెరుగుతుంది, పొట్టివాడి వైపు తేలిపోతుంది. అందుకే సమాన ఎత్తువాళ్లను జతలుగా నిలబెట్టడం, అడుగు కలపడం. వెదురు ఎందుకన్నదానికి చవక, తేలిక అన్న జవాబులతో పాటు ఇంకో సంగతి ఉంది. ఆసియా దేశాల్లో కావడికి వాడే, ఊగే బద్దల మీద రోడ్జర్ క్రామ్ అనే శాస్త్రవేత్త 1991లో ప్రచురించిన పరిశోధనలో, సాగే బద్దతో బరువు మోస్తూ పరిగెత్తితే భుజం మీద పడే గరిష్ఠ బలం బాగా తగ్గిందని తేలింది. ఖర్చయ్యే శక్తి మాత్రం తగ్గలేదు. అంటే అలసట అంతే, దెబ్బ తక్కువ. పాడె కావడి కాదు, నడక పరుగూ కాదు, కాబట్టి ఆ అంకెల్ని ఉన్నవి ఉన్నట్టు ఇక్కడికి తేలేం. కానీ బిర్రుగా ఉండే ఇనుప చట్రం కన్నా కొంచెం వంగే బొంగు భుజాన్ని తక్కువ బాధిస్తుందన్న సూత్రం రెండింటికీ ఒకటే. ఇక దింపుడు కల్లం, దారిలో పాడెను కాసేపు కిందికి దించే చోటు. పోయినవాడి చెవిలో ముమ్మారు పిలవడం వెనక ప్రాణం పోయిందో లేదో నిర్ధారించుకునే పాత జాగ్రత్త ఉందంటారు. మోసేవాళ్లు భుజాలు మార్చుకోవడానికి దొరికే విరామమూ అదే. ఇప్పుడు వైకుంఠ రథం వచ్చాక కూడా చాలాచోట్ల అక్కడ బండి ఆపి దించుతారు. ఇంజనుకు అలుపు లేదు, అయినా ఆగుతుంది.

మరి బండి ఎందుకు పుట్టింది? దూరం వల్ల. 1848-49 కలరాలో లండన్‌లో వేలమంది చనిపోయాక, కిక్కిరిసిన చర్చి ఆవరణల్లో పూడ్చడం ఆపి శ్మశానాలను ఊరి బయటికి నెట్టారు. 1854లో వాటర్లూ దగ్గర నుంచి బ్రూక్‌వుడ్ దాకా ప్రత్యేకంగా శవాల రైలు మొదలైంది. శవపేటికకు ఒకవైపు టికెట్టు, బంధువులకు రానుపోను టికెట్టు. చనిపోయినవాళ్లకూ మూడు తరగతులు. ఆంగ్లికన్లకు ఒక భాగం, మిగతా శాఖలవాళ్లకు ఇంకో భాగం. 1941లో జర్మన్ బాంబులు లండన్ స్టేషన్‌ను కూల్చేదాకా అది నడిచింది. సిడ్నీలో రుక్‌వుడ్ శ్మశానానికి రైళ్లు నడపడానికి 1869లో చర్చిలా కనిపించే స్టేషనే కట్టారు. మెక్సికో నగరంలో, ఇటలీ మిలాన్‌లో శవాల కోసం ట్రాములు తిరిగాయి. వెనిస్‌లో శ్మశానం దీవి మీద ఉంది కాబట్టి పడవ. అన్నిచోట్లా కారణం ఒకటే: నడిచి మోయలేని దూరం. దానికి తోడు మన వాతావరణంలో కాలం గొడవ. చనిపోయిన రెండు నుంచి నాలుగు గంటల్లో కండరాలు బిగుసుకోవడం మొదలై, పన్నెండు గంటలకు పూర్తిగా బిగిసి, తర్వాత సడలుతుంది. వేడి ఎక్కువైతే ఈ క్రమమంతా ముందుకు జరుగుతుంది, వెంటే కుళ్లడం. ఎక్కడో దూరాన ఉన్న కొడుకు వచ్చేదాకా ఆపాలంటే ఫ్రీజర్ బాక్సు, త్వరగా చేరాలంటే బండి. ఇవి నిజమైన అవసరాలు. వీటిని కాదనడం నా వాదం కాదు.

మోటారు వచ్చాక ఏం జరిగిందో చూడండి. అమెరికాలో సిన్సినాటికి చెందిన క్రేన్ అండ్ బ్రీడ్ కంపెనీ 1909లో మోటారు శవవాహనాన్ని అమ్మకానికి తెచ్చింది. చట్రం కొత్తది, పైన గుర్రబ్బండి నాటి చెక్కడాలే. తర్వాత ఆ దేశపు శవవాహనాల వెనక పక్కల ఎస్ ఆకారంలో మెరిసే లోహపు కమ్మీ ఒకటి స్థిరపడింది. ఒకప్పుడు గుర్రబ్బండి పైకప్పును మడతపెట్టడానికి పనికొచ్చిన కమ్మీ అది. మడతపడని ఇనుప కప్పు మీద దానికి ఏ పనీ లేదు, అయినా ఇప్పటికీ బిగిస్తున్నారు. లోపల మాత్రం పనికొచ్చే తెలివి ఉంది. పేటిక జారి వెళ్లేలా నేలలో రోలర్లు, కదలకుండా పట్టే పిన్నులు, నడుము ఎత్తున తెరుచుకునే వెనక తలుపు. ఈ ఎత్తు ముఖ్యం. వంగకుండా అందుకునే ఎత్తు ఉంటేనే నలుగురు మనుషులు చేతులు వేయగలరు. మన దగ్గర చిన్న లారీ చట్రం మీద గోపురం కట్టి, అద్దాలు పెట్టి, రెండువైపులా బల్లలు వేసి వైకుంఠ రథం అంటున్నాం. ఆ గోపురం చూసి నవ్వేవాళ్లు ఆ బల్లల్ని గమనించాలి. శరీరం పక్కన ఇంటివాళ్లు కూర్చునే చోటు అది, బండి మొత్తంలో అతి ముఖ్యమైన భాగం.

ఇంజనుకు అసలు ఇబ్బంది వేగంతో. మనిషి నడక గంటకు నాలుగైదు కిలోమీటర్లు. పెట్రోలు, డీజిలు ఇంజన్లు ఒక కనీస తిరుగుడు కన్నా కింద నడవవు. అంత నెమ్మదిగా పోవాలంటే మొదటి గేరులో క్లచ్ జార్చుకుంటూ పోవాలి. గాలి తగలక వేడెక్కుతుంది, వెనక నడిచేవాళ్ల ముఖాన పొగ కొడుతుంది. 1948 జనవరి 31న గాంధీ అంతిమయాత్రలో ఈ చిక్కుకు దొరికిన పరిష్కారం చరిత్రలో నిలిచిపోయింది. సైన్యపు డాడ్జ్ వాహనం మీద ఎత్తైన వేదిక కట్టారు. ఇంజను ఆపేశారు. సుమారు రెండువందల మంది సైనికులు తాళ్లు పట్టి బిర్లా భవనం నుంచి యమునా తీరం దాకా నాలుగు గంటలకు పైగా లాగారు. యంత్రాన్ని వద్దన్న మనిషి కోసం అలా చేశారని అనుకోవచ్చు. కానీ యంత్రాలతో ఏ పేచీ లేని బ్రిటిష్ రాజవంశంలోనూ ఇదే ఉంది. 1901 ఫిబ్రవరిలో విండ్సర్‌లో విక్టోరియా రాణి పేటిక ఉన్న ఫిరంగి బండిని కదిలించబోతే గుర్రాలు బెదిరి సరంజామా తెగింది. పక్కనున్న నావికులు తాళ్లందుకున్నారు. ప్రమాదవశాత్తు జరిగిన ఆ పని ఆచారమై, 2022లో ఎలిజబెత్ రాణిని 142 మంది నావికులు అదే పద్ధతిలో లాగారు. పొరపాటున దొరికిన దృశ్యాన్ని వందేళ్లకు పైగా వదలకుండా పట్టుకున్నారంటే, అది వాళ్లకు ఎప్పటినుంచో కావలసిందే అయి ఉండాలి.

ఈ వాదానికి జపాన్‌ను అడ్డు చూపించవచ్చు. తైషో కాలంలో, అంటే 1910లూ 20ల్లో, అక్కడ భుజాల మీద మోసే పల్లకిని పోలిన ఆలయపు కప్పును ప్యాకార్డ్, లింకన్ లాంటి కార్ల మీద బిగించారు. బంగారు రేకు, చెక్కిన డ్రాగన్లు. తరాల పాటు వీధుల్లో కనిపించిన ఆ బండ్లు 1990ల తర్వాత వేగంగా తగ్గిపోయాయి. దహనవాటికల చుట్టుపక్కల ఉండేవాళ్లు అవి రోజూ చావును గుర్తుచేస్తున్నాయని అభ్యంతరపెట్టారు. కొన్ని ఊళ్లలో ఆలయపు బండ్లను దహనవాటికలోకి రానివ్వరు. ఇప్పుడు నడిచేవి చాలావరకు సాదా నల్ల కార్లు. అంటే పాత రూపం లేకపోయినా పని జరుగుతోందిగా? జరుగుతోంది, కానీ పోయింది అలంకారం మాత్రమే. పేటికను ఇంటివాళ్లూ స్నేహితులూ చేతులతో మోసి బండిలో పెట్టడం పోలేదు. బయల్దేరేటప్పుడు డ్రైవరు సుదీర్ఘంగా హారన్ మోగించడం, నిలబడ్డవాళ్లు తల వంచడం పోలేదు. గోపురం తీసేయవచ్చు, చేతులు తీసేయలేం. జపాన్ అనుభవం నా వాదాన్ని సన్నబరిచి ఇంకా గట్టి చేసిందనే అనుకుంటాను.

ఇంకో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. ఇదంతా డబ్బున్నవాళ్ల ఆర్భాటం, మోసే చేతుల కథ చెప్పి కులాన్నీ హోదానూ దాచడం అని. లండన్ రైల్లో శవాలకు తరగతులున్న మాట నిజం. మన ఊళ్లలో డప్పు ఎవరు కొట్టాలో, ఎవరి పాడె ఏ వీధిలోంచి పోకూడదో నిర్ణయించిన చరిత్ర ఇంకా పాతబడలేదు. చేతులుంటే చాలు, పవిత్రమే అనడమూ కుదరదు. 1941 ఆగస్టు 7న కలకత్తాలో జొరాసంకో ఇంటి నుంచి నిమ్‌తలా ఘాట్‌కు రవీంద్రనాథ్ ఠాగూర్ శరీరం భుజాల మీదే వెళ్లింది. జనం మీదపడి జుట్టూ గడ్డమూ పీకారు. కొడుకు రథీంద్రనాథ్ ఆ జనాన్ని దాటి సమయానికి ఘాట్ చేరలేకపోయాడు. అదే నగరంలో 1997 సెప్టెంబరు 13న మదర్ థెరిసాను ఫిరంగి బండి మీద తీసుకెళ్లినప్పుడు ఆ అవస్థ రాలేదు. కాబట్టి బండి కొన్నిసార్లు శరీరాన్ని మనుషుల నుంచే కాపాడుతుంది. ఒప్పుకుంటాను. అయితే ఈ అభ్యంతరం ఎవరు మోయాలి, ఎంతమంది, ఏ క్రమంలో అని అడుగుతోంది. మనిషే అక్కర్లేదని అనడం లేదు.

మనిషి అక్కర్లేదని నిజంగా అనుకుంటే ఏమవుతుందో 2020 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా పలాసలో చూశాం. వీధిలో కుప్పకూలి చనిపోయిన పెద్దాయనను కరోనా భయంతో జేసీబీ తొట్టెలో వేసి తరలించారు. మునిసిపల్ కమిషనరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు సస్పెండయ్యారు. చల్లగా ఆలోచిస్తే, ఆ యంత్రం అంటువ్యాధి లెక్కన తప్పు చేయలేదు. ఎవరూ ముట్టుకోలేదు, శరీరం గమ్యం చేరింది. రవాణా పూర్తయింది. అయినా రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఇంచుమించు అదే రోజుల్లో కలకత్తా గడియాలో శరీరాలను కొక్కేలతో లాగి బండిలోకి ఎక్కిస్తున్న వీడియో మీద అంతే కోపం వచ్చింది. రక్షణ దుస్తులు వేసుకుని ఇద్దరు స్ట్రెచరు పట్టుకుంటే ప్రమాదం పెద్దగా పెరగదు. జనం అడిగింది ఆ ఇద్దరినే.

బండే లేనివాడి ముందు బండి రూపం గురించి మాట్లాడటం ఎబ్బెట్టుగా ఉంటుందని తెలుసు. 2022 ఏప్రిల్లో తిరుపతి రుయా ఆసుపత్రి నుంచి ఒక తండ్రి కొడుకు శరీరాన్ని బైకు మీద సుమారు తొంభై కిలోమీటర్లు తీసుకెళ్లాడు. అంబులెన్సువాళ్లు అడిగినంత ఇవ్వలేక. 2023 మేలో సిలిగురి నుంచి కాలియాగంజ్ దాకా ఇంకో తండ్రి పసిబిడ్డను సంచిలో పెట్టుకుని బస్సులో వెళ్లాడు. ఈ ఖాళీ ఎలా ఏర్పడిందంటే, ప్రాణమున్నవాళ్ల బండినీ ప్రాణం పోయినవాళ్ల బండినీ వేరుచేశాక రెండోదాన్ని ఎవరూ తమది అనుకోలేదు. అమెరికాలో 1966 నాటి ఒక జాతీయ నివేదిక ప్రకారం దేశంలోని అంబులెన్సు సేవల్లో సగం దాకా సుమారు 12,000 మంది అంత్యక్రియల వ్యాపారుల చేతుల్లో ఉండేవి. మనిషిని పడుకోబెట్టే పొడుగు బండి వాళ్ల దగ్గరే ఉంది మరి. వేరుచేయడం వైద్యానికి మేలు చేసింది. మన దగ్గర ఆ రెండో బండిని ఆంధ్రప్రదేశ్‌లో మహాప్రస్థానం పేరుతోనూ, తెలంగాణలో 2016 నుంచీ, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా పెట్టారు. మంచి పని. లెక్కలన్నీ కిలోమీటర్లలో, ట్రిప్పుల్లో వేస్తారు కాబట్టి పక్కన కూర్చునే చోటు, ఎత్తుకునే ఎత్తు, దారిలో ఒకసారి ఆగే వీలు ఆ లెక్కలోకి రావు. రైల్వే నిబంధన ఇంకా పొడిగా ఉంటుంది. శరీరాన్ని పెట్టెలో మూసి పార్శిల్ ఆఫీసులో నమోదు చేసి బ్రేక్ వ్యానులో ఎక్కిస్తారు. వెంట ఒకరు టికెట్టు కొని అదే రైల్లో వెళ్లాలి. జనపనార మిల్లులకూ రైల్వే పనులకూ ఉత్తరాంధ్ర నుంచి హుగ్లీ గట్టుకు తరలిన కుటుంబాలు తరాలుగా అక్కడున్నాయి. శరీరాన్ని సొంత ఊరికి పంపాలంటే టికియాపారా మీదుగా పోయే ఆ పట్టాలే దారి. 1948 ఫిబ్రవరిలో గాంధీ అస్థికల్ని ఢిల్లీ నుంచి అలహాబాదుకు మూడో తరగతి బోగీల ప్రత్యేక రైల్లో, మనుషుల మధ్యన పెట్టి పంపిన రైల్వే కూడా ఇదే. నిబంధనలో ఆ వెంట వెళ్లే మనిషిని బోగీలో కాకుండా పెట్టె పక్కన కూర్చోనిచ్చే ఒక చిన్న గది అడగడం గొంతెమ్మ కోరికేం కాదు.

టికియాపారా లాంటి పేటలకు ఏం కావాలో ఇప్పుడు చెప్పడం కష్టం కాదు. పెద్ద అద్దాల బండి సందు మొదట్లోనే ఆగిపోతుంది. విక్టోరియా కాలపు ఇంగ్లండు పల్లెల్లో చర్చికి ఒక తోపుడు పాడె ఉండేది. నాలుగు చక్రాలు, రెండువైపులా పిడులు, నలుగురు నెట్టుకుంటూ పోయేవారు. దానికీ బెంగాల్ వీధుల్లో టోటో పేరుతో తిరిగే ఈ-రిక్షాకూ మధ్య దూరం చాలా తక్కువ. విద్యుత్ మోటారు నిలకడ నుంచే పూర్తి బలం ఇస్తుంది కాబట్టి నడక వేగం దానికి సహజం. క్లచ్ లేదు, వెనకవాళ్లకు పొగ లేదు. ఈ-రిక్షాకు చట్టం పెట్టిన గరిష్ఠ వేగమే గంటకు 25 కిలోమీటర్లు, ఇక్కడ అందులో ఐదో వంతు చాలు. పైన పలక విడిగా ఊడి రావాలి, అదే పాడె కావాలి. ఇంట్లోంచి నలుగురు దాన్ని ఎత్తుకొచ్చి నడుము ఎత్తున బండికి తగిలించి, పక్క పిడులు పట్టుకుని నడిచి, ఘాట్ దగ్గర మళ్లీ భుజానికెత్తుకోవాలి. జనాజాకు తెచ్చే పెట్టెకూ అదే కొలత సరిపోతుంది. పలక కడగడానికి స్టీలు, ద్రవం ఒలకకుండా అంచు, వానకు మడిచే కప్పు. కలకత్తాలోనూ హౌరాలోనూ పాడాల, అంటే పేటల, క్లబ్బులూ కౌన్సిలర్లూ పేర్లు రాయించుకుని అద్దాల బండ్లు దానం చేయడం మామూలే. ఆ డబ్బులో కొంత ఇటు మళ్లితే చాలు. చార్జింగు పెట్టే చోటు, తాళం ఎవరి దగ్గర ఉండాలన్నదీ, రాత్రి రెండింటికి ఎవరు తలుపు తీస్తారన్నదీ వార్డు ఆఫీసులో తేలాల్సిన సంగతులు.